ఏ చెయ్యి?

పైకప్పు మీద ఆ మరక ఎప్పటిదో నాకు తెలియదు. ముప్పయ్యేళ్ళుగా ఈ గదిలోంచి రోజుకి పదిసార్లు ఆపరేషన్ థియేటర్లోకి నడిచి వెళ్ళినదాన్ని, ఒక్కసారైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు, చూడాలంటే ఇలా స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోవాలని ఎవరు చెప్పారు గనక. నీళ్ళు కారి, ఎండి, అంచులు పసుపెక్కిన మరక. నా పేషెంట్లు వేలమంది మత్తెక్కే ముందు చూసింది దీన్నే అన్నమాట. ఒక్కళ్ళూ చెప్పలేదు, చెప్పినా నేను వినేదాన్నా, బీపీ చూడండి అనేసి వెళ్ళిపోయేదాన్ని. లేచాక మొదటి పని దీనికి రంగు వేయించడం. లేవడానికేం, లేస్తాను, మత్తు కూడా చేతికి మాత్రమే. లేచాక ఈ చెయ్యి నా మాట వింటుందా అన్నదే అసలు సంగతి. ముంజేతి లోపల, బొటనవేలినీ చూపుడువేలినీ ఆడించే నరం మీద, చిక్కుడుగింజంత గడ్డ. చెడ్డది కాదట. గడ్డ మంచిదే, కూర్చున్న చోటే చెడ్డది. నరం మీంచి దాన్ని ఒలిచి తీయాలి, నాలుగు పోగులు తెగితే బొటనవేలు మిగతా వేళ్ళని కలవదు, ముడి వేయలేను, సూది పట్టలేను, ఉన్న కాలమంతా ఇంకొకళ్ళ భుజం మీంచి తొంగి చూస్తూ సలహాలివ్వాలి, నా సలహాల కోసం ఎవరు అలమటిస్తున్నారని.

పది నిమిషాల్లో తీసుకెళ్తాం మేడమ్ అన్నారు. ఆ పది నిమిషాలు అయ్యి ఎంతసేపైందో చూద్దామంటే కళ్ళజోడు తీసేసుకున్నారు, గోడ మీద గడియారం తెల్లటి అప్పడంలా కనిపిస్తోంది. లోపల ముందు కేసు ఆలస్యమవుతోందట. ఎందుకు ఆలస్యమవుతుందో నాకు చెప్పాలా, ఎవడో కుట్టిందే కుట్టి ఉంటాడు. గౌను వెనక ముడి వీపులో గుచ్చుకుంటోంది. ఈ ముడి ఎవరు కనిపెట్టారోగానీ వాళ్ళని ఒక పూట దీనిమీద పడుకోబెట్టాలి. ఇది చాలనట్టు గోరుచుట్టు మీద రోకటిపోటులా ప్రచార విభాగం మేనేజరు, రెండు ఫోన్లూ ఒక ఫారమూ పట్టుకుని, స్ట్రెచర్ పక్కకే వచ్చాడు. ఏదో సంఘం వాళ్ళు నాకు సన్మానం చేస్తారట, వాళ్ళ పుస్తకంలోకి "మీ విద్యాప్రస్థానం, మీ గురువులు" అని అయిదువందల మాటలు కావాలట. "చేతికి మత్తిచ్చినా నోరు పని చేస్తుంది కదా మేడమ్, మీరు చెప్తే నేను రాసుకుంటాను" అన్నాడు. నోరు పని చేస్తుందని వాడికి అక్కడికక్కడే రుజువు చేశాను. పోతూ పోతూ కూడా, కాస్త స్ఫూర్తిదాయకంగా ఉండాలి మేడమ్ అన్నాడు.

స్ఫూర్తిట. ఇదిగో రాసుకో. నా ఎడమచేతి మణికట్టు దగ్గర సెలైన్ సూది ఉంది. గడ్డ ఉన్నదీ ఎడమచేతిలోనే. కోయాల్సిన చేతికే సూది గుచ్చి, పైన పట్టీ వేసి, నొప్పి లేదు కదా మేడమ్ అని నవ్వి వెళ్ళాడు మా జూనియర్. ఎందుకు ఎడమచేతికి పెట్టావురా అని అడగలేదు, నాకు తెలుసు గనక. మేడమ్ ఆపరేషన్ చేసే చేతిలో గడ్డ అని ఆస్పత్రంతా చెప్పుకున్నారు, మేడమ్ ఆపరేషన్ చేసేది కుడిచేత్తో అని అందరికీ తెలుసు, కాబట్టి గడ్డ కుడిచేతిలో ఉంది. ఫైలు నా కాళ్ళ దగ్గరే ఉంది, లోపల స్కాన్ ఉంది, దానిమీద ఎడమ అని ఉంది. తెరిచినవాడు లేడు. పోనీ నన్నడగొచ్చు, నోరున్న పేషెంటునే కదా. వార్డులో నర్సు అడగలేదు, స్ట్రెచర్ తోసినతను అడగలేదు, జూనియర్ అడగలేదు. మీకు తెలియనిదేముంది మేడమ్ అన్నారు ముగ్గురూ, ముందే కూడబలుక్కున్నట్టు. నాకెదురుగా గోడమీద, నేనే రాసి, నేనే ఫ్రేమ్ కట్టించి పెట్టిన బోర్డు ఉంది. పేషెంటు పేరు, ఏ ఆపరేషన్, ఏ పక్క, మత్తుకి ముందు అడగాలి, పేషెంటు తన నోటితో చెప్పాలి, ఆ చోట పెన్నుతో బాణం గీయాలి. కళ్ళజోడు లేకపోయినా అది నాకు కంఠతా వచ్చు. చూద్దాం, ఎందాకా వెళ్తారో చూద్దాం అని పళ్ళు బిగించుకుని పడుకున్నాను.

ఇది పరీక్షో పంతమో నాకే తెలియడం లేదు. నోరు తెరిచి ఎడమ అంటే సరిపోతుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ పెట్టేవాళ్ళే అడగాలి మరి. నాన్న అడిగేవాడు. ఆ మేనేజరు మొదటి గురువు అంటే ఏ ప్రొఫెసరు పేరో చెప్తాననుకుంటాడు. మా నాన్నది సైకిళ్ళ పంక్చర్ షాపు, షాపంటే ఒక రేకు, ఒక పంపు, ఒక నీళ్ళ తొట్టి. సైకిలు తోసుకుంటూ వచ్చేవాళ్ళు, వెనక చక్రం నేలకి అంటుకుపోయి ఉండేది, అయినా నాన్న లేవకుండానే, ముందుదా వెనకదా అని అడిగేవాడు. బడి అయ్యాక తొట్టి పక్కన కూర్చునే నాకు సిగ్గేసేది. కళ్ళెదుట కనిపిస్తుంటే అడుగుతావేంటి నాన్నా అన్నాను ఒకసారి. "కనబడేది నాకు, తొక్కేది అతను కదమ్మలూ, అతన్ని చెప్పనీ" అన్నాడు. ఆ వచ్చినాయన, ముందుదండీ, రోజూ మెల్లగా దిగిపోతోంది, వెనకది నేనే గాలి తీశాను ఎవరూ ఎత్తుకుపోకుండా అన్నాడు. నాన్న నావైపు చూడను కూడా లేదు, ట్యూబు తీసి నీళ్ళలో ముంచాడు. బుడగలు ఎక్కడ లేస్తాయో చూడటం నా పని. ఇప్పటికీ పేగు కోసి మళ్ళీ కలిపి కుట్టాక కడుపులో ఉప్పునీళ్ళు పోసి, పేగులోకి గాలి పంపి, బుడగ లేస్తుందా అని వంగి చూసేటప్పుడు నాకు రబ్బరు వాసన వస్తుంది. దీన్ని పెద్ద టెక్నిక్ అని పుస్తకాల్లో రాశారు. మా షాపులో దీనికి పేరు లేదు.

కాలేజీలో ఎముకల మేడమ్. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచీ ఉండేది, అందులో ఎముకలు, చెయ్యి లోపల పెట్టి చూడకుండా తడిమి చెప్పాలి. పేరు చెప్పబోతే ఊరుకునేది కాదు. ముందు పక్క చెప్పు, తర్వాత పేరు చెప్పు అనేది. కుడిదో ఎడమదో తేలకుండా పేరు తెలిసి ఏం లాభం, ఇద్దరు కవలల్లో ఒకడికి జ్వరం వస్తే ఇంకొకడికి మందు పోస్తావా అనేది. మణికట్టులో ఎనిమిది ఎముకలు, ఒక్కోటి రేగుపండు గింజంత, వాటికి కూడా కుడీ ఎడమా చెప్పాలి, తప్పితే సంచీ ఇంటికి తీసుకుపొమ్మనేది. నేను పదకొండు రాత్రులు దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. అమ్మ వేరే గదిలో పడుకుంది. ఆ ఎనిమిదీ ఇప్పుడు ఈ పట్టీ కింద ఉన్నాయి, ఎడమవి, మేడమ్, ఎడమవి.

మరక చూసి చూసి కళ్ళు మండుతున్నాయి. లోపల్నుంచి చక్రాల చప్పుడు వచ్చింది, కేసు అయిపోయినట్టుంది. ఇంక మిగిలినవాడు ఉరుము, మేం చాటుగా పెట్టుకున్న పేరు అది. మేనేజరుకి కావలసింది కూడా వాడే, ఆయనే అనాలి, నాకు కోపం వచ్చినప్పుడు మర్యాద ఎగిరిపోతుంది. పెద్ద ప్రొఫెసరు, చేతిలో కత్తి పడితే చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు, అంత అందంగా ఉండేది ఆ కోత. గొంతు వింటే రెండు వార్డుల అవతల పేషెంట్లు లేచి కూర్చునేవాళ్ళు. నేను పుట్టుకతో ఎడమచేతివాటం. మొదటిరోజే కత్తెర ఎడమచేత్తో అందుకున్నాను. నా థియేటర్లో ఆ చేత్తో కత్తెర పట్టుకున్నది ఇదే ఆఖరిసారి అన్నాడు. అంతే, ఆరేళ్ళు. గాజుసీసా మూతి చుట్టూ కుడిచేత్తో ముడులు, అగ్గిపెట్టె లోపల రెండు వేళ్ళతో ముడులు, కుర్చీ కోడు కనిపిస్తే ముడి, అమ్మ చీర కొంగు కనిపిస్తే ముడి. ఎడమచెయ్యి మాత్రం రిట్రాక్టర్, అంటే కోత అంచుని వెనక్కి లాగి పట్టుకునే కొక్కెం, దాన్ని పట్టుకుని గంటలకొద్దీ నిలబడేది, ఎద్దులా. ఆరేళ్ళలో ఒక్కసారి మెచ్చుకున్నాడు, అదీ నా చేతిరాతని. తర్వాత నేను రెండు చేతులతోనూ చేయడం నేర్చాక, నా శిష్యురాలికి రెండూ కుడిచేతులే అని సభల్లో చెప్పుకున్నాడు. ఆ గొప్పే ఇప్పుడు నా ప్రాణం మీదికొచ్చింది. లోతుగా, చూపు ఆననిచోట వేసే ఆఖరి ముడి మాత్రం నేను ఇప్పటికీ ఎడమచేత్తోనే వేస్తాను, ఎవరూ గమనించరు. ఆ ముడులే నన్ను ఇంతదాన్ని చేశాయి. ఆ ముడులు నేర్పింది ఆయన. ఆయన్ని పూర్తిగా తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు, అదొకటి.

అయిదువందల మాటల్లో బస్సు డ్రైవరు పట్టడు. ముప్పై రెండేళ్ళ కిందటి మాట, బడి పిల్లల బస్సు నడిపే మనిషి, ఎడమ గజ్జలో హెర్నియా. ముందురోజు సాయంత్రం వార్డులో నేనే నిలబెట్టి దగ్గమన్నాను, ఎడమపక్క గుడ్డంత ఉబ్బి కనిపించింది, నేనే ఫైల్లో రాశాను. కానీ మనిషి వెల్లకిలా పడుకుంటే ఆ ఉబ్బు లోపలికి జారిపోతుంది, రెండు పక్కలూ ఒకేలా కనిపిస్తాయి. ఉరుము వచ్చి కుడిపక్కన నిలబడ్డాడు, కుడిపక్కన మందు పూశాడు. థియేటర్ సిస్టర్, నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దది, కత్తి అందించబోతూ ఆగి, "సార్, ఎడమ కదా" అంది. నాకు చెప్తున్నావా అని ఒక్క అరుపు. ఆ తర్వాత గదిలో నిశ్శబ్దం, నీళ్ళ కుళాయి చుక్క చుక్క పడటం వినిపించింది. నేను ఎదురుగా కొక్కెం పట్టుకుని నిలబడి ఉన్నాను. నా నోట్లో ఎడమ అన్న మాట ఉంది, నాలిక మీద ఉంది, మాస్క్ లోపల తడిగా ఉంది. మింగేశాను. కోశాడు. లోపల ఏమీ లేదు, ఆరోగ్యంగా ఉంది. ఒక నిమిషం ఎవరి మొహమూ చూడలేదు ఆయన, కుట్టేసి, అటు తిరిగి, ఎడమపక్క కోశాడు. మర్నాడు డ్రైవరుకి, నీకు రెండు పక్కలా ఉందయ్యా, రెండూ చేసేశాం అని చెప్పాడు. ఆ మనిషి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒకే ఖర్చుతో రెండు పనులు చేశారమ్మా, మీ మేలు మరచిపోలేను అన్నాడు. నేను ఫైలు చంకలో ఇరికించుకుని, నవ్వాను.

ఆ సాయంత్రం సిస్టర్ గ్లవ్స్ ఆరబెడుతోంది. అప్పట్లో గ్లవ్స్ కడిగి, తిరగేసి, పౌడర్ జల్లి మళ్ళీ వాడేవాళ్ళం. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను, ఏదో అందామని. ఆవిడ కోపంగా ఏమీ లేదు. "ఒకసారి ఎవరైనా అడుగుతారు డాక్టరమ్మా. ఆయన అరిచాక అడిగేవాళ్ళు కావాలి. నేను అడిగాను. తర్వాతది నీ వంతు, నువ్వు ఎదురుగానే ఉన్నావు" అంది, ఒక గ్లవ్‌లోకి గాలి ఊది చిల్లుందేమో చూస్తూ. నెల తిరక్కుండా ఆవిడని దుప్పట్ల స్టోర్‌కి మార్చారు. నేను అక్కడికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తీరిక లేదని చెప్పుకున్నాను. ఉండేది.

అందుకే బోర్డు. అందుకే ఫ్రేము. నాకు విభాగం అప్పగించిన రోజున మొదట చేసింది అదే, అందరూ చప్పట్లు కొట్టారు. మరి పాతికేళ్ళు పోయాక ఇదేమిటి, ముగ్గురు మనుషులు నా పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళారు, ఒక్కరికీ నోరు పెగల్లేదు. బోర్డు చూస్తూ నన్ను చూస్తూ, బోర్డుని నాకన్నా తక్కువ చేశారు. భయమా మర్యాదా అని అడిగితే వాళ్ళే చెప్పలేరు. నేను మాత్రం ఏం చేశాను, పోయిన వారం ఒక నర్సు ఏదో అడిగితే, కళ్ళు లేవా చదవడం రాదా అన్నాను. అది ఏం అడిగిందో కూడా గుర్తులేదు. ఉరుము పోయాడనుకున్నాను, గొంతు మార్చుకుని నాలోకి వచ్చి కూర్చున్నాడు.

తలుపు తోసుకుని మత్తు డాక్టరు వచ్చాడు, పాతికేళ్ళుగా నాతో పని చేస్తున్న మనిషి, వెనకాలే జూనియర్. "ఏంటండీ, ఇవాళ పల్లకీ ఎక్కారు" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేదు. ట్రే తెచ్చి నా కుడిపక్కన పెట్టుకున్నాడు. కుడి భుజం మీద గౌను తప్పించాడు. ఈయన అడుగుతాడు అనుకున్నాను, ఇంతకాలం ఒకే గదిలో ఉన్నాం, ఈయన అడుగుతాడు. చల్లగా ఉంటుందండీ అన్నాడు, మెడ కింద, కుడిపక్కన, చేతికి మత్తిచ్చే సూది దిగే చోట, తడి దూది చల్లగా తగిలింది. ఆయన చేతులు పని మొదలుపెట్టేశాయి, ఏదో క్రికెట్ సంగతి జూనియర్‌తో చెప్తున్నాడు. నేను నోరు తెరవాలి ఇంక, ఇంతకన్నా ఆగడం తెలివితక్కువతనం, నా చెయ్యి కదా, నా బొటనవేలు కదా. కానీ పెగలడం లేదు. ఇంత ఆస్పత్రిలో నన్ను అడిగేవాడు ఒక్కడూ లేడని చెప్పి మరీ చెయ్యి చాపాలా అని ఏడుపొస్తోంది, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, గౌను ముడి మీద పడుకుని.

గుసగుస వచ్చింది, నా శిష్యురాలు. ఆ పేరు పెట్టింది నేనే, తొమ్మిదేళ్ళ కింద, నా దగ్గర చేరిన మొదటి వారంలో. ఆ పిల్ల మాట దాని మాస్క్ కూడా దాటదు. నోరు తెరిచి గట్టిగా మాట్లాడు, వినబడటం లేదు అని రోజుకి నాలుగుసార్లు కసిరి ఉంటాను. అయినా నా చెయ్యి కోయడానికి దాన్నే పిలిచాను, ఎందుకంటే మైక్రోస్కోప్ కింద ఆ వేళ్ళు నరాన్ని ముట్టుకునే తీరు ఇంకెవరికీ లేదు. ఆ మాట దానికి ఎప్పుడూ చెప్పలేదు. ముందు కేసు టోపీ ఇంకా నెత్తిమీదే ఉంది, నుదుటి మీద చెమట. మత్తు డాక్టరు చేతిలో దూది చూసింది, నా ఎడమచేతి సూది చూసింది. "సార్, ఒక్క నిమిషం" అంది. వచ్చి నా తల పక్కన నిలబడింది.

"మేడమ్, మీ పేరు చెప్పండి."

గంటనించి ఈ మాట కోసమే కదా కాచుకుని ఉన్నాను. మరి నాలోంచి ఏం వచ్చిందంటే, "నా పేరు నీకు తెలీదా? తొమ్మిదేళ్ళు నా దగ్గర ఏం వెలగబెట్టావు? గంటసేపు ఇక్కడ పడేసి ఇప్పుడొచ్చి పేరడుగుతున్నావా?" అని. నా గొంతే. గోడకి తగిలి తిరిగొచ్చింది. జూనియర్ నేల చూశాడు. మత్తు డాక్టరు దూది పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు, అందులో ఎంతసేపు నిలబడవచ్చో, అందులోంచి ఎలా జారుకోవచ్చో అన్నీ తెలుసు. ఇప్పుడు ఈ పిల్ల సారీ మేడమ్ అంటుంది. వెనక్కి జరుగుతుంది. కుడిభుజం మీద దూది మళ్ళీ కదులుతుంది. అనకు తల్లీ, అనకు.

దాని చెవులు ఎర్రబడ్డాయి. స్ట్రెచర్ కమ్మీ పట్టుకున్న వేళ్ళు తెల్లగా అయ్యాయి. వెనక్కి జరగలేదు.

"తెలుసు మేడమ్. మీరు చెప్పాలి" అంది. గొంతు పెంచలేదు, ఎప్పటి గుసగుసే. "మీ పేరేంటి? ఏం ఆపరేషన్? ఏ చెయ్యి?" ఒక్క క్షణం ఆగి, తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ, "వినబడలేదా మేడమ్?" అంది.

"వినబడింది" అన్నాను. నా పేరు చెప్పాను, బడిలో హాజరు పలికినట్టు. నరం మీద గడ్డ తీయడానికి అన్నాను. అది జేబులోంచి పెన్ను తీసి మూత తెరిచి పట్టుకుని నా నోటివంక చూస్తోంది. ముప్పై రెండేళ్ళుగా నాలిక మీద ఉన్నదాన్ని, గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ వినబడేలా, పలికాను.

"ఎడమ."